పిలిచినా పలకొద్దు

నాలుగో దుప్పటి పిండుతుండగా సత్తమ్మ ఎడమ రెక్కలో ఏదో గుంజింది. దుప్పటిని బకెట్లోనే వదిలేసి గోడకు ఆనుకుని నిలబడింది. నోరు తెరిచి గాలి పీల్చుకుంది. గ్యాస్ అనుకుంది. రాత్రి మిగిలిన పప్పు పారెయ్యడానికి మనసొప్పక తిన్నందుకు అనుకుంది. బలవంతంగా రెండు త్రేన్పులు తెచ్చుకున్నాక కాస్త తేలికైనట్టనిపించి మళ్ళీ వంగింది.

పొద్దున్నే దుప్పట్లు ఉతకడం ఆమెకు రోజూ ఉన్న పనే. పిల్లలు పక్కలు తడుపుతారు. తడపక ఏం చేస్తారు? అన్నాలు కాగానే ఒక్కొక్కరికీ మూతెడు దగ్గుమందు పోసి పడుకోబెడితే ఇక ఏది ముంచుకొచ్చినా మెలకువ రాదు. దగ్గు ఉన్నా లేకున్నా దగ్గుమందే. ఆ పద్ధతి పెట్టింది రత్నకుమారి. పోసే చెయ్యి మాత్రం సత్తమ్మది.

ఆ ఇల్లు నాచారంలో, ఫ్యాక్టరీల ప్రహరీలు అయిపోయి కాలనీ మొదలయ్యే చోట ఉంది. గేటుకు ‘డే అండ్ నైట్ బేబీ కేర్’ అని ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. రాత్రి డ్యూటీల తల్లులు పొద్దుగూకేటప్పుడు పిల్లల్ని దింపిపోయి తెల్లారాక వచ్చి తీసుకుపోతారు. దవాఖానా నర్సులు, పోచారంలో కంప్యూటర్ల ముందు కూర్చునే ఆడపిల్లలు, మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసేవాళ్ళు. కింద హాలు పిల్లలది. పై అంతస్తు రత్నకుమారిది. ఆయాకు గదంటూ లేదు. పిల్లల మధ్యనే ఒక చాప. సత్తమ్మకు ఇల్లంటే ఆ చాపే.

పొట్టి మనిషి, తల నెరిసింది. పాదాలు వెడల్పుగా, మడమలు ఎండిన చెరువులా పగిలి ఉంటాయి. ముక్కుపుడక ఎప్పుడో పోయింది. రంధ్రం పూడకుండా చీపురుపుల్ల ముక్క పెట్టుకుంటుంది. చేతులకు ఎప్పుడూ సబ్బు, ఫినాయిల్, పాలు కలిసిన వాసన. పిల్లల్ని ముద్దులాడే రకం కాదు. ముక్కు చీదేటప్పుడు చెవి కూడా మెలిపెడుతుంది. అన్నం పెట్టేటప్పుడు తిడుతుంది. పిల్లలు మాత్రం ఆమె చాప చుట్టూనే పడుకుంటామని పోట్లాడుకుంటారు. ఎందుకో వాళ్ళకే తెలియాలి.

దుప్పట్లు డాబా మీద ఆరేసి దిగుతుంటే గేటు దగ్గర అరుపులు వినిపించాయి. పక్కింటి జనార్ధనరావు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. లుంగీ మీద తువ్వాలు కప్పుకుని గేటు పట్టుకుని ఊపుతున్నాడు.

“రాత్రంతా ఆ గోలేంటమ్మా? పిల్లాణ్ణి చంపుతున్నారా, పెంచుతున్నారా? మళ్ళీ ఒక్కసారి ఆ కేక వినబడిందంటే పోలీసులకి ఫోన్ చేస్తాను. మీకు పర్మిషన్ ఉందో లేదో వాళ్ళే చూసుకుంటారు!”

రత్నకుమారి మెట్లు దిగి వచ్చి రెండు చేతులూ జోడించింది. “సారీ అంకుల్, బాబుకు జర జ్వరముండె. ఇయ్యాల్టి నుంచి ఉండదు” అని తియ్యగా చెప్పింది. ఫోన్‌లో తల్లులతో మాట్లాడే గొంతు అది. ఆయన వెళ్ళిపోగానే ఆ గొంతు ఊడి పడిపోయింది.

“విన్నవా సత్తమ్మా? నువ్వేం జేస్తున్నవ్ రాత్రంతా? గుర్రు పెడ్తున్నవా?”

“మందు కక్కుతుండు మేడం. కడుపుల నిలుస్తలేదు.”

“నిలవకుంటె నువ్వు నిలబెట్టు. ఈ రాత్రి గిట్ల ఒర్లిండనుకో, స్టోర్ రూంల పెట్టి తాళమెయ్యి. ఒర్లి ఒర్లి వాడే ఊకుంటడు. నీతోటి గాదంటె గిప్పుడే చెప్పు. వేరేదాన్ని చూస్కుంట.”

సత్తమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. వేరేదాన్ని చూసుకుంటే తను ఎక్కడికి పోవాలో ఆలోచించింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆటో నడిపే మేనల్లుడు మహిపాల్ ఉన్నాడు. వాడిది ఒక్క గది, అందులో ఆరుగురు. పండుగకు పోతేనే వాడి భార్య తలుపుకు అడ్డం నిలబడి మాట్లాడుతుంది.

“నేను చూస్త మేడం” అంది. ఎడమ రెక్క పట్టుకుని, “జర దవాఖాన్ల సూపెట్టుకొస్త. పొద్దటి సంది రెక్క గుంజుతుంది” అంది.

“ఆదివారం పో. గిప్పుడు పోతే పిల్లలను నేను పట్టుకోవాల్నా?”

సరేనంది. అన్నింటికీ సరేననడం ఆమెకు కొత్త కాదు.

అరిచింది రిషి. ఆరేళ్ళవాడు. సన్నగా, పెద్ద తలకాయతో, కళ్ళ కింద పెద్దవాళ్ళకున్నట్టు నల్లటి గుంటలతో ఉంటాడు. పగలంతా మామూలు పిల్లవాడే. కారు బొమ్మకు చక్రం లేకపోతే సీసా మూత పెట్టి నడుపుతాడు. పొద్దు వాలిందంటే మనిషి మారిపోతాడు. గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు. ఎవరో తనను పేరు పెట్టి పిలుస్తున్నారని చెవులు మూసుకుంటాడు. లైటు ఆర్పితే ఇక కేకలే. గొంతు చీరుకుపోయేదాకా కేకలు.

వాడి తల్లి స్వర్ణలత. పోచారంలో రాత్రి షిఫ్టు. మొగుడు విడిచిపెట్టి పోయాక చిలకానగర్‌లో ఒక గది తీసుకుని ఉంటోంది. మొన్నటి చలికాలం దాకా పిల్లవాణ్ణి నిద్రపుచ్చి, బయట తాళం వేసి, ఆఫీసు క్యాబ్ ఎక్కేది. ఇంకో దారి లేదు. ఒక రాత్రి వాడికి మెలకువ వచ్చింది. కరెంటు పోయి ఉంది. అమ్మ లేదు. ఏడుపు విని వాడకట్టంతా లేచింది. మంచి చేద్దామనే వచ్చారు. తలుపు బాదుతూ, “రిషీ, తలుపు తియ్యిరా! రిషీ! రిషీ!” అని ఆడా మగా పదిమంది చీకట్లో ఒకేసారి అరిచారు. బయటి తాళాన్ని లోపలి పిల్లవాడు ఎలా తీస్తాడని ఎవరికీ తట్టలేదు. చివరికి సుత్తితో తాళం పగలగొట్టి టార్చి మొహాన కొట్టేసరికి వాడు మంచం కింద బిగుసుకుపోయి ఉన్నాడు. ఆ రోజు నుంచి రాత్రి తన పేరు వినిపిస్తే చాలు, వాడికి ప్రాణం పోతుంది. నిజంగా ఎవరూ పిలవకపోయినా వినిపిస్తుంది.

డాక్టరు దగ్గరికి పోయింది స్వర్ణలత. దర్గాలో తాయెత్తు కట్టించింది. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో ఇచ్చే మందులు తన పిల్లవాడికి వద్దని ఇంకో డాక్టరు దగ్గర్నుంచి ఏడ్చుకుంటూ వచ్చేసింది. ఆఖరికి ఈ ఇల్లు దొరికింది. రాత్రి మనుషుల మధ్య ఉంటాడు, అది చాలనుకుంది.

ఆ పొద్దున డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెళ్ళో ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. ఇడ్లీ పొట్లం విప్పి కొడుకు నోట్లో పెడుతూ, “రాత్రి ఏడ్చిండా మేడం?” అని అడిగింది.

“ఏడ్వలేదమ్మా. మస్తు పండుకుండు” అంది రత్నకుమారి.

రిషి ఇడ్లీ మింగి ఏదో చెప్పబోయాడు. గొంతు రాలేదు. బొంగురుగా గాలి మాత్రమే వచ్చింది. స్వర్ణలత వాడి మొహంలోకి చూసింది. తర్వాత సత్తమ్మ వైపు చూసింది. సత్తమ్మ తల వంచుకుని నేల తుడుస్తోంది. స్వర్ణలత ఇంకేమీ అడగలేదు. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. ఎండాకాలం సెలవులు, బడి లేదని పగలు కూడా వాణ్ణి ఇక్కడే ఉంచుతోంది. పగలు తను పడుకోకపోతే రాత్రి కుర్చీలో కూర్చోలేదు. వాడి నెత్తి మీద ముద్దు పెట్టి, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చిన్నపిల్లలు నిద్రపోయారు. రత్నకుమారి పైన టీవీ చూస్తోంది. సత్తమ్మ రిషిని చెయ్యి పట్టి స్టోర్ రూం దగ్గరికి తీసుకుపోయింది. బియ్యం బస్తాలు, విరిగిన ఉయ్యాల, పాత పరుపులు పెట్టే గది అది. కిటికీకి ముందే బొంత కట్టి చీకటి చేసి పెట్టింది.

వాడు గుమ్మం దగ్గరే కాళ్ళు తన్నిపెట్టాడు.

“భయపడకు కొడుకా. బయట ఎండ మాడుస్తున్నది సూడు. పట్టపగలు. ఆట ఆడుదం రా.”

“ఏం ఆట?”

“సచ్చినట్టు పండుకునే ఆట. ఎవలు పిల్చినా పలుకొద్దు. కండ్లు తెరువొద్దు. నేనొచ్చి భుజం మీద తడ్త. తట్టినంకనే లేవాలె. గెలిస్తె పల్లిపట్టి పెడ్త.”

పల్లిపట్టి మాట వాణ్ణి గుమ్మం దాటించింది.

మొదట సత్తమ్మ కూడా వాడి పక్కనే పరుపు మీద పడుకుంది. చీకట్లో ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. తర్వాత లేచి గుమ్మంలో కూర్చుంది. ఆ తర్వాత తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుని పిలవడం మొదలుపెట్టింది. ఆమెకు ఈ విద్య ఒకటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ముందు మేకలా అరిచింది. తర్వాత ముక్కుతో, “ఆ గోలేంటమ్మా రిషీ!” అంది, అచ్చం జనార్ధనరావులా. ఆ తర్వాత గొంతు సన్నం చేసి, “రిషీ! ఏడ సచ్చినవ్ రా?” అని రత్నకుమారిలా అంది. లోపల వాడు కిలకిలా నవ్వాడు.

“నవ్వినవ్. ఓడినవ్ పో!”

“మళ్ళాడుదం ఆయమ్మా! ఇంకొక్కసారి!”

ఈసారి ఆమె చాలాసేపు ఊరుకుంది. తర్వాత మెల్లగా స్వర్ణలత గొంతుతో, “రిషీ... రిషీ... తలుపు తియ్యి నాన్నా” అంది.

లోపలి నుంచి కేక వచ్చింది. సత్తమ్మ ఒక్క ఉదుటున లోపలికి పోయి వాడి నోరు మూసింది. వాడు ఆమె అరచేతిని కొరికాడు. కొరికినా వదలకుండా ఒళ్ళోకి లాక్కుంది. వాడి గుండె కోడిపిల్ల గుండెలా కొట్టుకుంటోంది.

“అమ్మ ఏడున్నది?” అని అడిగింది.

“ఇంట్ల... పండుకుంది.”

“మరి పిలిచిందెవలు?”

“నువ్వే.”

“ఔ మరి. ఉత్త గొంతు. గొంతుకు చేతులుంటయా? ఉండయి. నువ్వు పలికినవనుకో, అప్పుడు దానికి చేతులొస్తయి. పలుకకుంటె పిల్చి పిల్చి అదే పోతది.”

ఈ ఒక్క సంగతి ఆమెకు బాగా తెలుసు. భయం గురించి ఆమెకు తెలిసింది మొత్తం ఇదే.

ఆలేరు దగ్గరి పల్లె నుంచి కొమురయ్య ఆమెను పెళ్ళి చేసుకుని తెచ్చి మల్లాపూర్‌లో రేకుల గదిలో పెట్టాడు. ఫౌండ్రీలో పని. పగలు ఇనుము కరిగించేవాడు, రాత్రి సారాతో తను కరిగేవాడు. గల్లీ చివర నుంచే, “సత్తీ! ఓ సత్తీ!” అని పిలుస్తూ వచ్చేవాడు. పలికితే దెబ్బలు. ఎందుకు పలికావని కాదు, పలికితే అక్కడొక మనిషి ఉన్నట్టు తెలుస్తుంది కాబట్టి. కొన్నాళ్ళకు ఆమె కనిపెట్టింది. గోడ వైపు తిరిగి, కళ్ళు మూసి, ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీస్తే, కాసేపు తిట్టి, కాలితో ఒకసారి కదిపి చూసి, వాడే పడిపోయి నిద్రపోతాడు. అట్లా ఆమె ఎన్నో రాత్రులు దాటింది. ఒక్కసారి మాత్రం తప్పింది. కడుపుతో ఉంది, దగ్గు ఆపుకోలేకపోయింది. ఆ కడుపు నిలవలేదు, మళ్ళీ రానూ లేదు. కొమురయ్య లారీ కింద పడి పోయినప్పుడు ఊరివాళ్ళంతా ఏడ్చారు. ఆమె కూడా లోకం కోసం ఏడ్చింది. ఆ రాత్రి మాత్రం గదిలో వెల్లకిలా పడుకుని, కాళ్ళు బారచాపి, గట్టిగా దగ్గింది. ఊరికే. దగ్గు రాకపోయినా దగ్గింది.

ఇప్పుడు పిల్లవాడికి తన దగ్గర ఉన్నది ఇస్తోంది. అంతకంటే ఆమె దగ్గర ఏముంది?

ఆట మళ్ళీ మొదలైంది. ఈసారి తల్లి గొంతుకు వాడు కదల్లేదు. పళ్ళు కరుచుకున్న చప్పుడు మాత్రం వినిపించింది. సత్తమ్మ ఆలోచించింది. వీడు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. ఒక్క పరీక్ష మిగిలింది. లేచి నిలబడి, ఖాళీ బకెట్‌ను దభీమని నేలకేసి కొట్టింది.

“అయ్యో! కొడుకా! కిందవడ్డరా! కాలిరిగింది. రారా, లేవుర కొడుకా!” అని మూలిగింది, తన సొంత గొంతుతో.

తలుపు దడాలున తెరుచుకుంది. రిషి చెంపల మీద కన్నీళ్ళతో పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. “ఏడ తాకింది ఆయమ్మా? ఏడ?”

సత్తమ్మ కాలు ఎవరైనా అట్లా పట్టుకుని చూసి ఎన్నేళ్ళయిందో, అసలు ఎవరైనా చూశారో లేదో ఆమెకు గుర్తు రాలేదు. అంతలోనే రాత్రి గుర్తొచ్చింది. స్టోర్ రూం తాళం గుర్తొచ్చింది. చెయ్యెత్తి వాడి చెంప మీద ఒకటి వేసింది.

“ఓడినవ్! ఎవలు పిల్చినా అన్ననా లేదా? నా గొంతయినా సరే, లేవొద్దు. తట్టినంకనే లేవాలె.”

వాడు చెంప పట్టుకుని నిలబడ్డాడు. “మరి నువ్వు నిజంగ పడితే?”

“నిజంగ పడితే నిన్నెందుకు పిలుస్తరా పిసోడా? పెద్దోళ్ళను పిలుస్త. నిన్ను పిల్చిందంటె అది నేను గాదని తెల్సుకో.”

వాడు దాన్ని కాసేపు మనసులో తిప్పి చూసుకున్నాడు. సరిగ్గానే ఉన్నట్టనిపించింది. తలూపాడు. లోపలికి పోయి పడుకున్నాడు. ఆమె మళ్ళీ బకెట్ కొట్టింది. మళ్ళీ మూలిగింది. బతిమాలింది, ఏడ్చింది, నీళ్ళడిగింది, సచ్చిపోతున్నానంది. లోపల చడీచప్పుడు లేదు. తలుపు తీసి చూస్తే వాడు కట్టెలా పడుకుని ఉన్నాడు, రెప్ప కూడా అదరడం లేదు. భుజం మీద తట్టగానే లేచి, మొహమంతా నవ్వుతో, “గెలిచిన!” అని అరిచాడు.

పల్లిపట్టి ముక్కను కటుక్కున కొరికి సగం ఆమె నోట్లో పెట్టాడు. ఆమెకు పళ్ళు సరిగ్గా లేవు. చప్పరిస్తూ కూర్చుంది.

సాయంత్రం స్వర్ణలత వచ్చి వాణ్ణి గల్లీ చివరిదాకా తిప్పి తెచ్చింది. క్యాబ్ వచ్చే వేళ వాడు ఎప్పటిలా కాళ్ళు చుట్టుకోలేదు. “నువ్వు పో అమ్మా, నేను గెలుస్త” అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. సంతోషించాలో భయపడాలో తెలియక సత్తమ్మ చేతిని ఒకసారి పట్టుకుని వదిలి, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

అన్నాలయ్యాయి. సత్తమ్మ సీసా మూతలో దగ్గుమందు పోసి వరసగా అందరికీ తాగించింది. రెండేళ్ళ పిల్ల మొహం తిప్పుకుంటే ముక్కు మూసి పోసింది. రిషికి పొయ్యలేదు. పోస్తే కక్కుతాడు, ఇయ్యాల వాడికి దాని అవసరం లేదు. ఒక్కొక్కరే తలలు వాల్చారు. రత్నకుమారి వచ్చి పిల్లల్ని చూసి, రిషిని చూసి, “గుర్తుంది గద?” అంది. వెళ్తూ వెళ్తూ హాలు గ్రిల్లు తలుపుకు బయటి నుంచి తాళం వేసింది. పిల్లలు గేటు దాకా పోకుండా అని చెబుతుంది గానీ, ఆయా పోకుండా కూడా. ఏమైనా అయితే కొట్టమని గ్రిల్లు పక్కన గోడకు ఒక బెల్లు ఉంది. అది పై అంతస్తులో మోగుతుంది. ఊరికే కొట్టి నిద్ర చెడగొట్టినందుకు ఇద్దరు ఆయాలు ఇదివరకు ఉద్యోగం పోగొట్టుకున్నారు.

లైటు ఆర్పే ముందు సత్తమ్మ రిషి పక్కన వంగింది. నడుము పట్టేసినట్టుంది, రెక్క మళ్ళీ లాగుతోంది.

“యాదికున్నదా కొడుకా?”

“ఆఁ. పలుకొద్దు. తట్టినంకనే లేవాలె.”

“నా బంగారం” అంది. ఆ మాట ఆమె నోటి నుంచి వాడు ఎప్పుడూ వినలేదు. ఆమె కూడా వినలేదు. లైటు ఆర్పి చాప మీద ఒరిగింది. చీకట్లో పిల్లల ఊపిర్లు, ఫ్యాను చప్పుడు, మౌలాలి వైపు పోయే గూడ్సు బండి కూత. వాడి దగ్గర్నుంచి ఏ చప్పుడూ లేదు. వాడు అరవని మొదటి రాత్రి ఇదే. సత్తమ్మ చీకట్లో తనలో తను నవ్వుకుంది. రేపు రత్నకుమారి ఏమంటుందో చూడాలి అనుకుంటూ గుండె మీద చెయ్యి వేసుకుని పక్కకు తిరిగింది.

తెల్లవారి పాలపాకెట్లు తీసుకుందామని దిగిన రత్నకుమారి గ్రిల్లు తాళం తీసి ఆగిపోయింది. సత్తమ్మ చాప మీద లేదు. గ్రిల్లుకు జానెడు దూరంలో బోర్లా పడి ఉంది. కుడి చెయ్యి గోడ వైపు చాచి ఉంది. మొహం నేలకు అదుముకుపోయింది. పిల్లలు నలుదిక్కులా, నోళ్ళు తెరుచుకుని, మందు నిద్రలో ఉన్నారు.

రత్నకుమారి ముందు గేటు వైపు చూసింది. ఇంకా ఏ తల్లీ రాలేదు. అప్పుడు మహిపాల్‌కు ఫోన్ చేసింది.

వాడు ఆటో వేసుకుని వచ్చాడు. మేనత్త మొహం చూసి గుమ్మంలో కూలబడ్డాడు. “ఎప్పుడైంది మేడం? ఎవ్వలు సూడలేదా?”

“ఊపిరున్నదేమో, దవాఖాన్ల సూపెట్టు, పో జల్ది” అంది రత్నకుమారి, ఊపిరి లేదని తెలిసే. “పిల్లలు లేస్తె జడుసుకుంటరు. తల్లులొచ్చే టైమైంది. ఏడ్సుడు బయటికి పోయినంక ఏడువు.”

బిగుసుకుపోతున్న మనిషిని ఇద్దరూ కలిసి ఎత్తి ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టారు. పక్కకు ఒరిగిపోకుండా తువ్వాలుతో సీటు కమ్మీకి కట్టి, తలమీదుగా కొంగు కప్పారు. గల్లీ మలుపులో వాకింగ్ నుంచి వస్తున్న జనార్ధనరావు పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఊరికి పోతున్న మనిషనుకున్నాడు. రాత్రి గోల లేనందుకు ఆయన మనసు ప్రశాంతంగా ఉంది.

రత్నకుమారి నేలంతా ఫినాయిల్‌తో తుడిచి, అగరొత్తులు వెలిగించి, పిల్లల్ని ఒక్కొక్కరినే లేపింది. రిషి ఒక్కడే లేవలేదు. కట్టెలా పడుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

“రిషీ! లెవ్వు! లెవ్వరా!” వాడి రెప్పలు వణికాయి గానీ తెరుచుకోలేదు. ఆమె వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఊపిరి ఆడుతోందని తెలుసుకుని, తిట్టుకుంటూ పాలు కాచడానికి పోయింది.

స్వర్ణలత వచ్చేసరికి కూడా వాడు అట్లాగే ఉన్నాడు. గుమ్మం నుంచే, “రిషీ! నాన్నా, రిషీ!” అని పిలిచింది. పిలుపు విని వాడు ఇంకా బిగుసుకున్నాడు. ఆమె పరుగెత్తుకొచ్చి భుజం పట్టి కుదిపింది. అప్పుడు ఒక కన్ను తెరిచి చూశాడు, తర్వాత రెండోది.

“ఆయమ్మ తట్టాలె. నువ్వెందుకు తట్టినవ్?”

“ఏమైందిరా? ఎందుకట్ల పండుకున్నవ్?”

వాడు లేచి కూర్చున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. రాత్రంతా ఆ మాట చెప్పడానికే కాచుకుని ఉన్నట్టు గబగబా చెప్పాడు. “నేను గెలిచిన అమ్మా! రాత్రి మస్తు పిలిచింది, ఆయమ్మ గొంతుతోటి. బెల్లు కొట్టు కొడుకా అన్నది. ఊపిరాడ్తలేదన్నది. నీళ్ళన్నది. మస్తుసేపు పిలిచింది. నేను లేవలె. కండ్లు గూడ తెరువలె. నాకు తెల్సు, అది ఆయమ్మ గాదు. నిజంగైతె పెద్దోళ్ళను పిలుస్తనని చెప్పింది. లాస్టుకు పిల్చి పిల్చి అదే పోయింది.”

స్వర్ణలత వాడి భుజం వదిలేసింది. తల తిప్పి చూసింది. చాప లేదు. గ్రిల్లు దగ్గర నేల ఇంకా తడిగా ఉంది.

“ఆయమ్మ ఏది మేడం?”

“ఊరికి పోయింది. మేనల్లుడొచ్చి తీస్కపోయిండు.” రత్నకుమారి పాలగ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడింది. చూపు తిప్పుకోలేదు. “మీవోడు రాత్రి ఒక్క సప్పుడు జెయ్యలే. సూసినవా? ఇగ ఫికర్ లేదు.”

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. స్వర్ణలతకు ఈ రాత్రి కూడా షిఫ్టు ఉంది. ఈ ఇల్లు కాకపోతే మళ్ళీ ఆ గది, ఆ తాళం.

“గెలిచిన కదా అమ్మా?” వాడు ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. “చెప్పు. గెలిచిన కదా?”

“గెలిచినవ్ నాన్నా” అంది. వాడి చొక్కా గుండీ పెట్టింది. “మస్తు గెలిచినవ్.”

ఆ పగలు వాణ్ణి అక్కడ ఉంచలేదు. ఇంటికి పోయేటప్పుడు వాడు పల్లిపట్టి అడిగాడు. కొనిపెట్టింది. సగం విరిచి ఆయమ్మకు దాస్తానని జేబులో పెట్టుకున్నాడు. ఎండకు బెల్లం కరిగి జేబుకు అంటుకుంది. మధ్యాహ్నం నిద్ర పట్టని స్వర్ణలత ఆ నిక్కరును పంపు కింద పెట్టి రుద్దుతూనే కూర్చుంది.

పొద్దుగూకేసరికి కొత్త ఆయా వచ్చింది. మేడిపల్లి నుంచి, పడుచు మనిషి. రత్నకుమారి ఆమెకు పాల లెక్క, దగ్గుమందు సీసా, బెల్లు చూపించింది. తల్లి మళ్ళీ దింపిపోయిన రిషి తనంత తనే చాప పరుచుకుని, చెప్పకముందే కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఇక వాడితో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

కొత్త ఆయా కాళ్ళు కడుక్కోవడానికి బాత్రూంలోకి పోయి, కాసేపటికి తల బయటికి పెట్టింది.

“మేడం, కిటికీల దువ్వెన ఉన్నది. ఎవలది?”

“ఎవల్దో. పారెయ్యి.”

ఆమె దాన్ని తీసి చూసి, పారెయ్యబోయి, ఎందుకో మళ్ళీ కిటికీ జాలీలోనే గుచ్చింది. చెక్క దువ్వెన, ఒక చివర పళ్ళు విరిగి ఉన్నాయి. మిగిలిన పళ్ళ మధ్య చిక్కుకున్న ఒక తెల్ల వెంట్రుక, బయటి గాలికి, మెల్లగా కదులుతోంది.